పెట్టెలో మగ్గిన టోపీలు

ఆ పసిగుడ్డు చావు పాపం మీదే. మహిళా మండలి పెద్దలారా, మీదే. కస్తూరి చేతిది కాదు, కస్తూరి కడుపుది కాదు, ఆమె నుదుటి రాతది అసలే కాదు. ఇనుప పెట్టెకు తాళం వేసి తాళంచెవి బొడ్లో దోపుకున్నారే, ఆ తాళానిది. పెద్ద అధికారి భార్య తీరిగ్గా వచ్చి ఫోటో దిగేదాకా చలిలో వణికే పిల్లలను ఆగమన్నారే, ఆ నోళ్ళది. ఎట్లా అని అడిగేవాళ్ళు ఈ వారం కథ చివరిదాకా చదవండి. చదివాక కూడా నోరు మూసుకుని కూర్చోగలిగితే కూర్చోండి.

పోయిన వారం, చంద్రమ్మ కొడుకును చివ్వెంల దారి పక్కన మట్టిచేసి వచ్చిన చోట కథ ఆగింది. చంద్రమ్మ సూర్యాపేటలో నాగేశ్వర్ రావు బియ్యం మిల్లులో వడ్లు ఎండబోసే కూలి. మొగుడు ఈదయ్య అదే మిల్లులో బస్తాలు మోస్తాడు. పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకు పుట్టిన కొడుకు. దవాఖానలో పుట్టగానే వార్డంతా వినపడేట్టు ఏడ్చాడు. మండలి వాళ్ళు పంచిన ఊలు టోపీ, ఊలు జాకెట్టు వేసుకున్నాడు. కొద్ది రోజులకే కళ్ళు పచ్చబడ్డాయి. ఒళ్ళంతా పసుపు పూసినట్టయింది. పాలు తాగడం మానేశాడు. పోయాడు.

ఆ రెండూ అల్లింది కస్తూరి. మిల్లు యజమాని నాగేశ్వర్ రావు తమ్ముడు సత్తయ్య భార్య. కోదాడ పిల్ల. ఇద్దరు బిడ్డలను కని, ఇద్దరినీ పోగొట్టుకున్న మనిషి. పిల్లలు దక్కని చెయ్యి అని ఊరు అంటుంది. నాగేశ్వర్ రావు భార్య, మండలి అధ్యక్షురాలు పుష్పావతి ఆ మాట ఎప్పుడూ నోటితో అనలేదు. తన మనవడి బారసాలకు కస్తూరి తెల్లటి ఊలు టోపీ అల్లి ఇస్తే, ఎంత బాగుందో అని నలుగురికీ చూపించి బీరువాలో పెట్టింది. పిల్లవాడి తలకు మాత్రం హైదరాబాదు బజారులో కొన్నది తొడిగింది. ఆ టోపీ ఇప్పటికీ ఆ బీరువాలోనే ఉంది. సొంత మనవడికి తగలకూడని చెయ్యి కూలోళ్ళ పిల్లలకు తగలవచ్చు. దానికి సేవ అని పేరు పెట్టారు.

కస్తూరికి అదేమీ పట్టలేదు. పెళ్ళికి ముందు కోదాడ బడిలో పంతులమ్మ నేర్పిన పని అది. కొక్కెం సూదితో ఊలు దారాన్ని గొలుసుగా లాగి, గొలుసును గుండ్రంగా కలిపి, చుట్టూ ఒక్కో వరుస పెంచుకుంటూ పోవడం. పీచు తీసిన కొబ్బరికాయ మీద తొడిగి కొలత చూసుకునేది. పుట్టిన బిడ్డ తల అంతే ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండుసార్లు అరచేతిలో పట్టుకున్న మనిషి. వానలు పడుతున్నప్పుడు మొదలుపెట్టి దసరా వెళ్ళేసరికి బుట్టలకు బుట్టలు అల్లింది. చలి మొదలయ్యేనాటికి దవాఖానలో పంచాలని ఆమె ఆశ. సూర్యాపేటలోనే కాదు, పుట్టిల్లు కోదాడలో, కొత్త మిల్లు పని మీద మొగుడు ఉంటున్న మిర్యాలగూడలో కూడా.

చలి వచ్చింది. టోపీలు బయటికి రాలేదు. పంచడానికి ఒక పెద్ద అధికారి భార్య రావాలన్నారు. ఆమె దీపావళి తర్వాత వస్తానన్నది. తర్వాత చుట్టాల పెళ్ళి అన్నది. తర్వాత వంటమనిషి ఊరెళ్ళింది, ఇల్లు వదలలేనన్నది. ఇంత దూరం నుంచి వచ్చి ఒక్క ఊళ్ళో పంచితే బాగుండదని, మూడు ఊళ్ళకూ తానే వస్తానన్నది. టోపీలను ఊలు పురుగు తినకుండా పుష్పావతి తన ఇనుప పెట్టెలో సర్ది, మధ్య మధ్య కలరా ఉండలు గుప్పెళ్ళతో చల్లి తాళం వేసింది. దవాఖానలో పిల్లలు తల్లుల చీర చెంగుల్లో వణికారు. పెట్టెలో టోపీలు వెచ్చగా పడుకున్నాయి. ఎండలు ముదరబోయే ముందు ఆ మహాతల్లి దిగింది. సూర్యాపేట దవాఖానలో ఫోటోగ్రాఫరు లైట్లు పెట్టాడు. పెట్టెలోంచి తీసినవి తీసినట్టే పిల్లల తలలకు ఎక్కాయి. చంద్రమ్మ కొడుకు ఆ ఫోటోలో ఉన్నాడు. అధికారి భార్య చేతుల్లో, కళ్ళు మూసుకుని.

బిడ్డను మట్టిచేసిన మర్నాడు పొద్దున్నే పుష్పావతి ఇంట్లో మండలి కూర్చుంది. కూర్చున్నది బిడ్డ తల్లికి ఏం చేయాలని కాదు. ఊళ్ళో మాట పుట్టింది, దాన్ని ఎట్లా తుంచాలని. ధాన్యం కొట్టు వాళ్ళ దుర్గమ్మ అప్పటికే మంచి చెడ్డా తేల్చేసింది. మిక్చరు పళ్ళెం ఒడిలో పెట్టుకుని, తాను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నానని, ఆ చేతితో చేసినవి పసిపిల్లల దగ్గరికి పంపొద్దంటే ఎవరూ వినలేదని అన్నది. నిజానికి ఆమె ఎప్పుడూ చెప్పలేదు. టోపీలు బాగున్నాయని, తన కోడలి సీమంతానికి గళ్ళగళ్ళ డిజైను శాలువా ఒకటి కస్తూరితోనే అల్లించుకుంది. ఎవరో అది గుర్తుచేస్తే, శాలువా పెద్దోళ్ళది, అది వేరే లెక్క అన్నది.

కస్తూరి తలుపు పక్కన నిలబడి ఉంది. పుష్పావతి ఆమెను దగ్గరికి పిలిచింది. గొంతు మెత్తగానే ఉంది.

"నిన్ను ఎవరు ఏమంటలేరు చెల్లె. ఊరి నోరు మూస్తమా మనం? కొన్నాళ్ళు ఆ పని పక్కకు పెట్టు. సూది నాకియ్యి."

కస్తూరి లోపలికి పోయి సూది తెచ్చింది. దానికి సగం అల్లిన నీలం మేజోడు వేలాడుతోంది. మేజోడు ఊడదీసి ఇవ్వాలా, దానితోనే ఇవ్వాలా తెలియక కాసేపు నిలబడింది. పుష్పావతి చెయ్యి చాపే ఉంది. కస్తూరి రెండూ కలిపే ఇచ్చేసింది. ఊలు ఉండ నేల మీద దొర్లుకుంటూ దుర్గమ్మ కాళ్ళ దాకా పోతే, ఆమె పాదాలు పైకి తీసి కుర్చీలో మడుచుకుంది.

కస్తూరి ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాయాలి. ఆమె కూడా నమ్మింది. నిన్నటినుంచీ తన అరచేతులను తిప్పి తిప్పి చూసుకుంటూనే ఉంది. ఇన్నేళ్ళుగా ఊరంతా ఒకే మాట అంటుంటే, ఇద్దరు బిడ్డలను పోగొట్టుకున్న తల్లి ఎన్నాళ్ళు కాదనుకుంటుంది? ఊరు చేసే పని ఇదే. ముందు మనిషిని తొక్కుతుంది, తర్వాత ఆ మనిషి చేతనే ఔననిపిస్తుంది.

సూది పుష్పావతి చేతిలో ఉండగానే గడప దగ్గర అలికిడి అయింది. చంద్రమ్మ. వెనుక దవాఖాన నర్సు, పేరు ఆనందం. మిల్లు కూలీలు పెరటి దారిన వచ్చే ఇల్లు అది. చంద్రమ్మను ముందు గుమ్మంలోంచి తీసుకొచ్చింది నర్సే.

చంద్రమ్మ లోపలికి రాలేదు. గడప అవతలే కూర్చుంది. పాలు ఆగడానికి రొమ్ముల మీద గుడ్డ బిగించి కట్టారు, అయినా చీర ముందంతా తడిసి ఉంది. చేతిలో టోపీ, జాకెట్టు మడతపెట్టి పట్టుకుంది. వాటిని గడప మీద పెట్టింది.

"పిలగాడు లేడు గదమ్మా," అన్నది. "ఇవి నేనేం జేసుకోను? కొత్తయే ఉన్నయి. ఇంకో పిలగానికి అక్కరకొస్తయి."

హాల్లో అంతమంది, కలిగిన ఇళ్ళ ఆడవాళ్ళు, బీరువాల నిండా బట్టలున్నవాళ్ళు, ఏ ఒక్కరూ లేచి ఆ రెండు ముక్కలను అందుకోలేదు. దుర్గమ్మ మాత్రం వాటిని ముట్టుకోవద్దని, పెరట్లో తగలబెట్టమని పుష్పావతి చెవిలో చెప్పింది. చెవిలో చెప్పినా చంద్రమ్మకు వినపడింది.

"ఎందుకు కాలబెడ్తరు? చిన్నమ్మ ఏం జేసింది?" చంద్రమ్మ కస్తూరి వైపు చూసింది. "నా కొడుకు నెత్తిన కొత్తది ఎక్కుడే మాకు పెద్ద పండుగ. మా అత్త సోమమ్మ ముందుగాల్నే చెప్పింది. కొత్తది ఒకసారి నీళ్ళల్ల జాడిచ్చి, పసుపు పెట్టి ఏద్దామన్నది. నేనే ఒద్దన్న. ఉతికితే ముడుసుకపోతయని దవాఖానల చెప్పిన్రు గద. పాడైతయని రాత్రి పగలు తియ్యకుండ ఉంచిన."

కస్తూరి వెనక్కి జరిగి తలుపు పట్టుకుంది. ఆ మాట చెప్పింది తనే. పంచిన రోజు ఒక్కో మంచం దగ్గరికీ పోయి, ఊలు నీళ్ళలో వేస్తే అచ్చు పోతుందని, కొన్నాళ్ళు ఉతకవద్దని తల్లులందరికీ నచ్చజెప్పింది. ఇన్ని నెలలు కళ్ళు పొడుచుకుని అల్లినవి ఒక్క ఉతుకుతో గుడ్డపేలికలు కాకూడదని.

నర్సు ఆనందం వంగి టోపీ తీసుకుంది. మొహానికి దగ్గరగా పెట్టుకుని వాసన చూసింది. తర్వాత పుష్పావతి వైపు తిరిగి, ఇవి పంచకముందు ఎక్కడ పెట్టారని అడిగింది. పెట్టెలో అని పుష్పావతి చెప్పింది. ఏమేసి పెట్టారని అడిగింది. ఏమేస్తారు, అందరూ వేసేవే, కలరా ఉండలు. ఎన్నాళ్ళు పెట్టారని అడిగింది. దానికి పుష్పావతి జవాబు చెప్పకుండా, దవాఖాన పని మానుకుని ఈ ఆరాలు ఎందుకని అడిగింది.

ఆనందం కూర్చోమనకుండానే కూర్చుంది. చంద్రమ్మ కొడుకు తర్వాత వార్డులో ఇంకో ఇద్దరు పిల్లలకు కళ్ళు పచ్చబడ్డాయని చెప్పింది. ఇద్దరి ఒంటి మీదా మండలి ఊలు బట్టలే. కొత్తగా వచ్చిన డాక్టరు వాళ్ళలో ఒక పిల్లవాడి గుండె చూడడానికి వంగేసరికి ఆ వాసన ముక్కుకు కొట్టిందట. వెంటనే టోపీలు, జాకెట్లు తీయించాడు, పిల్లలను గాలి తగిలే కిటికీ పక్కకు మార్పించాడు. ఇప్పుడు ఇద్దరూ తేరుకుంటున్నారు. చంద్రమ్మ కొడుకు సంగతి కూడా అదేనా అని తెలుసుకోవడానికి తాను పొద్దున్నే వాళ్ళ గుడిసెకు పోయింది. పిల్లవాడి పొత్తిగుడ్డలు అడిగి చూసింది. ఒంటేలు పడ్డచోట చాయ్ డికాక్షన్ రంగు మరకలున్నాయి.

"అందరు పిల్లలకు గాదు," అన్నది ఆనందం. "కొందరి నెత్తురు ఆ ఉండల గాలిని తట్టుకోదు. పాలు విరిగినట్టు విరిగి ఒంటేల్ల దిగుతది, కళ్ళు పచ్చబడ్తయి. ఎవరి నెత్తురు అసుంటిదో ముందుగాల మనకు తెల్వదు. బట్టలు ఉతికి, వాసన పోయేదాక ఎండల ఆరేసి తొడిగితే ఏం కాకపోవు. పెట్టెల నుంచి తీసినయి తీసినట్టే తొడిగిన్రు."

కస్తూరి తలుపు వదిలి ముందుకు వచ్చింది. తన అరచేతులు రెండూ నర్సు ముందు చాపింది, గాయం చూపించే మనిషిలాగా.

"అయితే ఇవి కాదా సిస్టర్?"

ఆనందం ఆ చేతులను పట్టుకుని కిందికి దించింది. చేతులకు ఏం రోగమని, అవి చేసింది టోపీలేనని అన్నది.

ఇన్నేళ్ళ బరువు దిగిపోయిందని, కస్తూరి మొహం వెలిగిందని రాయాలని నాకూ ఉంది. అట్లా జరగలేదు. ఆమె పోయి చంద్రమ్మ ఎదురుగా నేల మీద కూలబడింది. ఉతకొద్దన్నది నేనే చంద్రమ్మా అన్నది. చంద్రమ్మ కొంగుతో రొమ్ముల మీద తడి ఒత్తుకుంది. గడపకు ఒక పక్క ఒకరు, ఇంకో పక్క ఒకరు, బిడ్డలు లేని ఇద్దరు తల్లులు అట్లా కూర్చున్నారు.

పుష్పావతి ఊరుకోలేదు. ఊరుకునే మనిషయితే మండలికి అధ్యక్షురాలు ఎట్లా అవుతుంది? కలరా ఉండలు ఏ ఇంట్లో లేవని అడిగింది.

"మా పెట్టెలల్ల మా చీరెలు లేవా? మేము కట్టుకుంటలేమా? మేము సచ్చినమా?"

"మీరు సావలేదమ్మా," అన్నది ఆనందం. "సచ్చింది వీళ్ళ పిలగాడు."

ఆ తర్వాత నర్సు అసలు వచ్చిన పని అడిగింది. కస్తూరి బుట్టలకు బుట్టలు అల్లిందని దవాఖానలో అందరికీ తెలుసు. పంచినవి పోగా మిగిలినవి ఎక్కడ? పుష్పావతి నోరు విప్పలేదు. దుర్గమ్మ నోరు మాత్రం ఎప్పుడూ విప్పే ఉంటుంది. ఇవాళ మధ్యాహ్నం కోదాడలో పంచుతున్నారని, రేపు మిర్యాలగూడలో అని, మూటలు తీసుకుని మిల్లు గుమాస్తా రాందాసు పొద్దుటి బస్సులో పోయాడని చెప్పేసింది. చెప్పాక అందరి మొహాలూ చూసి, మిక్చరు పళ్ళెం కింద పెట్టింది.

అదే పెట్టెలో మగ్గిన టోపీలు. అవే ఉండల వాసన. పొత్తిళ్ళలో పిల్లలను ఎత్తుకుని తల్లులు ఈపాటికి చుట్టుపక్కల పల్లెల నుంచి కోదాడ వైపు నడుస్తూ ఉంటారు, కొత్త టోపీ కోసం.

ఆనందం లేచి నిలబడి ఫోను చేయమన్నది. ఇంటిని ఆనుకునే మిల్లు ఆఫీసు, ఆఫీసులో ఫోను. కోదాడలో ధాన్యం కమీషను కొట్టుకు ఫోనుంది, మిర్యాలగూడలో కొత్త మిల్లుకు ఫోనుంది. మాటలు విని నాగేశ్వర్ రావు ఆఫీసు గది తలుపు దగ్గరికి వచ్చాడు. అంతా విన్నాడు. చెడ్డవాడేమీ కాదు, కూలీ పిల్లవాడు పోతే మట్టి ఖర్చు ఇచ్చినవాడే. ఇటువంటి మంచివాళ్ళతోనే మనకు చావు వచ్చిపడుతోంది. ఆయన తాపీగా ఆలోచించాడు. అక్కడ అధికారి భార్య దిగి ఉంటుంది, పందిరి వేసి ఉంటారు, నలుగురు పెద్దమనుషులు కూర్చుని ఉంటారు. ఇప్పుడు ఫోను చేసి ఏమని చెప్పడం? ఆ మాటే పైకి అన్నాడు.

"కలరా ఉండల వాసనకు పిల్లలు సస్తరంటే నవ్వుతరు సిస్టరమ్మా. ఎవరు నమ్మరు. పంచుడు ఆగదు, మన పరువు మాత్రం ఖతమైతది. డాక్టరును ఒక కాగితం రాసియ్యమను. రేపు మాపు చూద్దాం."

డాక్టరు కాగితం రాసేలోపు టోపీలు తలలకు ఎక్కుతాయని ఆనందం అన్నది. ఆయన, ఒక్క పూటకు ఏమవుతుందన్నాడు. పుష్పావతి ఆయన మాటకు తల ఊపింది. ఆయన చెప్పిందాంట్లో ఒక్క ముక్క మాత్రం నిజం. నమ్మరు. ఇంటింటా పెట్టెల్లో ఉండే ఉండలు పిల్లలకు విషమంటే, పందిట్లో ఫోటో దిగబోయే పెద్దమ్మలు ఎవరూ చేతిలో టోపీ కింద పెట్టరు.

అప్పుడు కస్తూరి గడప దగ్గర్నుంచి లేచింది.

ఆ ఇంట్లో తమ్ముడి భార్య బావగారి ఎదుట నిలబడదు. ఆయన వస్తుంటే తలుపు చాటుకు పోవాలి. కాపురానికి వచ్చినప్పటినుంచీ కస్తూరి గొంతు నాగేశ్వర్ రావు చెవిన నేరుగా పడింది లేదు. ఏదైనా చెప్పాలంటే పుష్పావతి ద్వారానే. ఇప్పుడు ఆమె నేరుగా పోయి ఆయన ముందు నిలబడింది. ఆయనే ఒక అడుగు వెనక్కి వేశాడు.

"బావగారూ, ఉండల మాట చెప్పకండి. మీరన్నది నిజమే, నమ్మరు. నా పేరు చెప్పండి."

పుష్పావతి లేచి, నీకేమన్న పిచ్చి లేసిందా అన్నది. కస్తూరి అటు తిరగలేదు.

"కోదాడ నా పుట్టిల్లు. నా పిల్లలు దక్కలేదని అక్కడ ప్రతి ఇంటికీ తెలుసు. ఆ టోపీలు కస్తూరి అల్లిందని చెప్పండి. తొడిగితే సూర్యాపేటలో ఒక పిల్లవాడు పోయాడని చెప్పండి. అది నమ్ముతారు. ఒక్క తల్లి కూడా తొడగనివ్వదు. తొడిగినవాళ్ళు కూడా తీసి అవతల పారేస్తారు. మీ మండలి పేరు పోదు. అధికారి భార్యకు కోపం రాదు. అంతా నా మీద పెట్టండి."

ఆనందం ఆమె చెయ్యి పట్టి ఆపబోయింది. అది అబద్ధమని, ఒకసారి ఆ మాట ఫోనులో పోతే మూడు ఊళ్ళలో ఆమెను ఎవరూ గడప తొక్కనివ్వరని, తర్వాత ఎన్ని కాగితాలు రాసినా చెరగదని చెప్పింది.

"తెలుసు సిస్టర్. నిజం మనం తర్వాత చెప్పుకుందాం, పిల్లలు బతికుంటే వింటారు. ముందు వాళ్ళ తలల మీదవి తియ్యనివ్వండి."

చంద్రమ్మ అప్పుడు మొదటిసారి గడప దాటి లోపలికి వచ్చింది. వచ్చి కస్తూరి పక్కన నిలబడింది. బస్తాలు మోసేవాడి పెళ్ళాం, నిన్న బిడ్డను మట్టిచేసిన మనిషి, యజమాని కళ్ళలోకి చూస్తూ నిలబడింది.

నాగేశ్వర్ రావు భార్య వైపు చూశాడు. పుష్పావతి చేతిలో ఇంకా కస్తూరి సూది ఉంది, నీలం మేజోడుతో సహా. ఆమె దాన్ని ఏం చేయాలో తెలియనట్టు చూసుకుంటోంది. గోడ గడియారం కింద నల్లటి ఫోను ఉంది.

"ఏం చూస్తున్నారు బావగారూ," అన్నది కస్తూరి. "పందిట్లో పిల్లలు కూర్చున్నారు. ముందు కోదాడకు చెయ్యండి. ఆ వెంటనే మిర్యాలగూడకు, మీ తమ్ముడికి. ఫోను తియ్యండి. ఇప్పుడే."